హార్డ్ డిస్కు చెడిపోతోందా? ముందు సమాచారం, ఆ తర్వాతే మరమ్మతు



మన హాస్టళ్లలో చదివే పిల్లలకు ఆస్తి అంటే సర్టిఫికెట్లే. మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల స్కాన్ కాపీలు, ప్రాజెక్టు రిపోర్టులు, పాత బ్యాచ్‌ల ఫొటోలు చాలాసార్లు ఒకే కంప్యూటరులో ఉంటాయి. ట్రంకు పెట్టెకు తాళం వేయడం మరువని మనం ఈ పెట్టె సంగతి పట్టించుకోం. కంప్యూటరు పాడైతే మరొకటి కొనవచ్చు. అందులోని సమాచారం ఏ షాపులోనూ దొరకదు. అందుకే ఈ పాఠం.

హార్డ్ డిస్కు ఎలా పనిచేస్తుంది?

లోపల అయస్కాంత పూత పూసిన గుండ్రని పళ్లేలు ఉంటాయి. సాధారణంగా ఇవి నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90 లేదా 120 సార్లు. చదివే 'హెడ్' పళ్లేన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఈ ఎడం తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టే కుదుపు, దుమ్ము దానికి శత్రువులు. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలే పట్టేవి. నేటి ఎస్ఎస్‌డీలలో తిరిగే భాగాలు లేవు. అయినా అవి కూడా చెడిపోతాయి, ఒక్కోసారి ఏ సూచనా ఇవ్వకుండానే.

జబ్బు లక్షణాలు

1. 'టక్, టక్' అనే శబ్దం.
2. చిన్న ఫైలు తెరవడానికి కూడా నిమిషాలు పట్టడం, కంప్యూటరు తరచూ ఆగిపోవడం.
3. ఫైళ్లు మాయమవడం, పేర్లు పిచ్చి అక్షరాలుగా మారడం.
4. 'స్మార్ట్' హెచ్చరిక రావడం. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే పద్ధతి ఇది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని చూడవచ్చు. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, చదవలేక పెండింగులో ఉన్న సెక్టార్లు రోజురోజుకూ పెరుగుతుంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్లే.

వెంటనే చేయవలసినవి

ముందుగా ఆ డిస్కులో కొత్తగా ఏదీ రాయకండి. ఫార్మాట్, డీఫ్రాగ్, చెక్ డిస్క్ లాంటివి నడపకండి. ఇవి అలసిన డిస్కుకు మరింత పని పెడతాయి, ఉన్న సమాచారాన్ని చెరిపే ప్రమాదమూ ఉంది.

తర్వాత మళ్లీ దొరకని వాటిని మొదట కాపీ చేయండి. సర్టిఫికెట్లు, సొంత రాతలు, ఫొటోలు ముందు. సినిమాలు, పాటలు చివర. పాత హాస్టల్ పత్రికల ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటే ఆ ఫాంట్లు కూడా కాపీ చేయండి. అవి యూనికోడ్ కావు కనుక ఫాంటు లేకపోతే తెలుగు కనబడదు.

కాపీ మధ్యలో ఆగిపోతుంటే పదేపదే ప్రయత్నించకండి. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరు తెరిచి 'డీడీరెస్క్యూ' వాడవచ్చు. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, చెడ్డ భాగాలను చివరికి వదిలిపెడుతుంది. పాత డిస్కు ఏది, కొత్తది ఏది అని రెండుసార్లు సరిచూడండి. తారుమారైతే ఉన్నదంతా పోతుంది. టక్ టక్ శబ్దం వస్తుంటే మాత్రం కరెంటు ఆపి, డేటా రికవరీ నిపుణులకు చూపించండి. డిస్కు మూత ఎన్నడూ విప్పకండి.

చిన్న లెక్క: 500 జీబీని సెకనుకు 50 ఎంబీ వేగంతో కాపీ చేయడానికి 10,000 సెకన్లు, అంటే దాదాపు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. డిస్కు చెడిపోతుంటే ఇంకా ఎక్కువ. కరెంటు పోయే వేళ మొదలుపెట్టకండి.

కొత్త డిస్కు బిగించడం

డెస్క్‌టాప్‌కు సాధారణంగా 3.5 అంగుళాలది, ల్యాప్‌టాప్‌కు 2.5 అంగుళాలది సరిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చిన్న పట్టీలాంటి ఎం.2 రకం ఉండవచ్చు. పాతది చూసి అదే రకం కొనండి. కంప్యూటరు ఆపి, ప్లగ్ తీసి, లోహపు చట్రాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టండి. సాటా డిస్కుకు రెండు కేబుళ్లు ఉంటాయి, సన్నది డేటాకు, వెడల్పుది కరెంటుకు. అవి ఒకే వైపు నుంచి పడతాయి, బలవంతం చేయకండి. స్క్రూలు బిగించి, బయోస్‌లో డిస్కు కనిపిస్తోందో లేదో చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, ఫైళ్లు వేయండి. కొన్ని ఫైళ్లు తెరిచి చూశాకే పాత డిస్కును పక్కన పెట్టండి. డిలీట్ చేసినంత మాత్రాన సమాచారం చెరిగిపోదు కనుక, దాన్ని పూర్తిగా తుడవకుండా పాత సామాన్లవాడికి ఇవ్వకండి.

3-2-1 సూత్రం

ఏ ముఖ్యమైన ఫైలైనా 3 ప్రతులుగా, 2 రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో 1 వేరే చోట ఉండాలి. ఉదాహరణకు కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో మీ మెమోలు దొరికితే అక్కడా భద్రపరచుకోండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు, జేబులోంచి జారిపోయే వస్తువు.

నెలకొక ఆదివారం ఒక గంట ఈ పనికి కేటాయించండి. కౌన్సెలింగ్ రోజు ఉదయం ఫైలు కోసం ఏడ్చేకంటే అది ఎంతో మేలు. సీనియర్లు ఈ పని జూనియర్లకు దగ్గరుండి నేర్పాలని కోరుతున్నాను.