జూకీపర్‌లో ఎవరి వాటా వాళ్లకి: సెర్చ్‌ ఉద్యోగాలకు పనికొచ్చే నైపుణ్యం

జావా, లినక్స్‌, ఎస్‌క్యూఎల్‌ ఇప్పుడు దాదాపు ప్రతి రెజ్యూమెలోనూ కనిపిస్తాయి. సెర్చ్‌ సర్వర్లను నడపడం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. డెవాప్స్‌ లేదా ప్లాట్‌ఫామ్‌ ఇంజినీర్‌ ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు అపాచీ సోలర్‌ మీద కొన్ని వారాలు కూర్చుంటే ఆ శ్రమ వృథా పోదు.

యోనిక్‌ సీలీ 2004లో సీనెట్‌ సంస్థలో మొదలుపెట్టిన సోలర్‌ 2006లో అపాచీకి చేరింది. 2012లో వచ్చిన 4.0 వెర్షన్‌తో చాలా సర్వర్లు కలిసి ఒకే క్లస్టర్‌గా పనిచేసే సోలర్‌క్లౌడ్‌ వచ్చింది. ఏ సర్వర్‌ బతికుంది, ఏ షార్డ్‌కు (ఇండెక్స్‌లో ఒక ముక్కకు) లీడర్‌ ఎవరు, కాన్ఫిగరేషన్‌ ఏమిటి అనే లెక్కంతా జూకీపర్‌ అనే సమన్వయ సర్వీసు దగ్గర ఉంటుంది. జూకీపర్‌ సర్వర్లు సాధారణంగా 3 లేదా 5 పెడతారు. సగానికి మించి పనిచేస్తూ ఉండాలి కనుక 3 ఉంటే ఒకటి, 5 ఉంటే రెండు పడిపోయినా ఫర్వాలేదు. 4 పెట్టినా తట్టుకునేది ఒకటే. ఎందుకో మీ మాటల్లో చెప్పగలిగేలా ఉండండి, ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది.

అసలు విషయం ఇక్కడుంది. ఒక కంపెనీకి వస్తువుల సెర్చ్‌కి ఒక క్లస్టర్‌, పత్రాల సెర్చ్‌కి మరొకటి ఉన్నాయనుకోండి. రెండింటికీ విడివిడిగా జూకీపర్‌ పెట్టడం దండగ, అది దాచేది కొంచెం డేటానే. ఒకే ఇంట్లో ఎవరి వాటా వాళ్లకి ఇచ్చినట్టు, ఒకే జూకీపర్‌లో ఒక్కో క్లస్టర్‌కు ఒక్కో మూలదారి కేటాయిస్తారు. దీన్నే సీహెచ్‌రూట్‌ అంటారు. అది లేకుండా రెండు క్లస్టర్లూ ఒకే చోట నమోదైతే అన్ని సర్వర్లూ ఒకే జాబితాలో చేరిపోతాయి. పత్రాల కోసం కొత్తగా సృష్టించిన కలెక్షన్‌ (సోలర్‌లో ఒక పూర్తి ఇండెక్స్‌) తాలూకు కాపీ వెళ్లి వస్తువుల సర్వర్‌ మీద కూర్చోవచ్చు. ఒకే పేరున్న కాన్ఫిగరేషన్లు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

చాలామంది తడబడేది చిరునామా దగ్గరే. జూకీపర్‌ సర్వర్ల పేర్లు, వాటి 2181 పోర్టులు కామాలతో వరుసగా రాసి, దారిని చివర ఒక్కసారే రాయాలి. ప్రతి సర్వర్‌ పేరు వెనకా తగిలించకూడదు. ఆ దారిని కమాండ్‌తో ముందే సృష్టించకపోతే మామూలుగా సోలర్‌ స్టార్ట్‌ కాదు.

అయితే సీహెచ్‌రూట్‌ విడదీసేది పేర్లనే, భారాన్ని కాదు. ఒక క్లస్టర్‌ జూకీపర్‌కు ఊపిరాడనివ్వకపోతే పక్కదీ ఇబ్బంది పడుతుంది. జూకీపర్‌లో మెజారిటీ పోతే అన్ని క్లస్టర్లలోనూ కొత్త డేటా చేర్చడం ఆగిపోతుంది. సెర్చ్‌ మాత్రం పాత సమాచారంతో సాగగలదు. అందుకే టెస్టింగ్‌ క్లస్టర్‌ను ప్రొడక్షన్‌ జూకీపర్‌లో ఎంత పొదుపు కోసమైనా పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇదంతా ల్యాప్‌టాప్‌లోనే సాధన చేయవచ్చు. డాకర్‌లో మూడు జూకీపర్లు, రెండు వేర్వేరు దారులతో రెండు చిన్న సోలర్‌ క్లస్టర్లు లేపండి. సోలర్‌ తనంతట తాను 9983 పోర్టులో లేపే జూకీపర్‌ ప్రొడక్షన్‌కు పనికిరాదు, దానితో సరిపెట్టుకోకండి. ఒక సోలర్‌ కంటెయినర్‌ను హఠాత్తుగా చంపి, దాని పేరు లైవ్‌ నోడ్స్‌ జాబితాలోంచి ఎంతసేపటికి మాయమవుతుందో చూడండి. జూకీపర్‌తో దాని సెషన్‌ గడువు తీరేదాకా ఆ పేరు అక్కడే ఉంటుంది. తర్వాత రెండు జూకీపర్లను ఆపి, డేటా చేర్చబోతే వచ్చే ఎర్రర్‌ను, లాగ్‌లో కనిపించిన వరుసలను మీ గిట్‌హబ్‌లో రాసిపెట్టండి. రెజ్యూమెలో ఆ లింకు ఇవ్వండి.