గోదావరిని ఫోన్‌లో పట్టడం ఎలా?

అమ్మ పుట్టిల్లు కొవ్వూరు. పెళ్ళయ్యాక గోదావరిని చూడటం తగ్గిపోయింది. అందుకని ఫస్టియర్‌లో రాజమండ్రి వెళ్ళినప్పుడు, మిట్టమధ్యాహ్నం రేవులో నిలబడి అరవై ఫోటోలు తీసి పంపాను. "ఇందులో నీళ్ళేవి, ఆకాశమేదిరా?" అంది. నిజమే, రెండూ తెల్లగా పాలిపోయాయి. కొత్త ఫోన్ కొనాలేమో అనుకున్నాను. కొనలేదు. అదే ఫోన్‌తో, అదే రేవులో తర్వాత నేర్చుకున్నవి ఇవి.

మొదటిది వెలుతురు. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలు కాళ్ళ కిందే ఉండిపోతాయి. మెట్లకీ, ఇసుకకీ, పడవకీ లోతు కనిపించదు. సాయంత్రం వెలుతురు పక్కనుంచి పడుతుంది, ప్రతి అలకీ ఓ వెలుగు వైపు, ఓ నీడ వైపు వస్తాయి. పైగా ఆ కిరణాలు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి కాబట్టి నీలం చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. మనం ఫిజిక్స్‌లో బట్టీ పట్టిన రేలీ స్కాటరింగ్ ఇదే!

రాజమండ్రి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. కాబట్టి నీళ్ళ మీద సూర్యాస్తమయం కావాలంటే రాజమండ్రి, సూర్యోదయం కావాలంటే కొవ్వూరు. డిసెంబర్‌లో సూర్యుడు పడమరకి ఎడమగా, జూన్‌లో కుడిగా దిగుతాడు. అది చూసుకుని రేవు ఎంచుకోండి.

రెండోది ఫ్రేమ్. బటన్ నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఫోటో దేని గురించి? నా అరవైలో దేనికీ జవాబు లేదు. ఆర్చి బ్రిడ్జి గురించి అయితే, 28 ఆర్చీలనీ అడ్డంగా ఇరికించకండి. వంతెనకి దగ్గరగా, ఏటవాలుగా నిలబడండి. ఆర్చీలు ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ చూపుని అవతలి గట్టుకి తీసుకెళ్తాయి. ఆకాశం ముఖ్యమైతే గ్రిడ్ ఆన్ చేసి, నీటి అంచుని కింది గీత మీద ఉంచండి. నీళ్ళు ముఖ్యమైతే పై గీత మీద. ముందు భాగం ఖాళీగా ఉందా? గొంతుక్కూర్చోండి. కట్టేసిన పడవ ఒకటి దగ్గరగా వస్తే నది ఎంత వెడల్పో తెలుస్తుంది.

మూడోది ఎక్స్‌పోజర్. స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకి, వెలుగు కొంచెం తగ్గించండి. చీకటైన భాగాన్ని ఎడిటింగ్‌లో కొంత తేవచ్చు. తెల్లగా కాలిపోయిన ఆకాశం మాత్రం తిరిగి రాదు.

సూర్యుడు మునగగానే అందరూ లేచి వెళ్ళిపోతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆకాశం ముదురు నీలంలోకి తిరుగుతుంది. ఫోన్‌ని మెట్టుకి ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి, ఫోటో కదలదు.

మొన్న అలా కూర్చుని ఒకే ఒక్క ఫోటో పంపాను. అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఆ చివర దీపాలు మా ఊరివే కదరా?"