అనుమానం ఎప్పుడు వ్యాధి? ఆత్మపరీక్షకు ఒక పాఠం

‘అనుమానం పెనుభూతం’ అని పెద్దల సామెత. అయితే ప్రతి అనుమానమూ భూతం కాదు. రాత్రివేళ తలుపు గడియ మరొకసారి చూచుకొనడం, పూర్తిగా చదవనిదే అప్పుపత్రంపై వేలిముద్ర వేయకపోవడం జాగ్రత్త అనిపించుకొంటాయి. ఆ జాగ్రత్త ఎక్కడ ముగిసి వ్యాధి ఎక్కడ మొదలవుతుందో తెలిసికొనడమే ఈ పాఠం ఉద్దేశం.

మూడు మెట్లు

పూర్వం అనంతపురం జిల్లాలోను, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న నల్లమాడ ప్రాంతాన్ని తలచుకొందాం. వర్షాధారపు వేరుశనగ, ఎఱ్ఱనేల, దాని క్రింద గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్ళలోనే నిలుస్తుంది. ప్రక్క పొలంవారు మరింత లోతుగా బోరు వేయించిన తరువాత తన బోరు ఎండిపోయిన రైతును ఊహించండి.

“మా నీరు వారి బోరుకు పోయినది” అని ఆయన అనుకొంటే అది భ్రమ కాదు. ఒకే పగులు నుండి రెండు బోర్లు తోడుకొంటే అట్లా జరుగవచ్చు. ఇది మొదటి మెట్టు. “నన్ను నాశనం చేయడానికే వారు బోరు వేశారు” అనడం రెండవ మెట్టు. ఇక్కడ వాస్తవానికి ఒక దురుద్దేశం జోడింపబడినది. “ఊరంతా వారితో కలిసినది, రచ్చకట్ట మీద నవ్వేవారందరూ నన్ను చూచే నవ్వుతున్నారు, ఇంట్లో అన్నంలోనూ ఏదో కలుపుతున్నారు” అనడం మూడవ మెట్టు.

మొదటి మెట్టుకు భూగర్భజల శాఖవారు సమాధానం చెప్పగలరు. మూడవ మెట్టుకు వైద్యుడు కావాలి. రెండవ మెట్టు వద్దనే మనిషి తనను తాను ప్రశ్నించుకోగలిగితే మూడవ మెట్టు తప్పవచ్చు.

కొలమానాలు – వాటి పరిమితి

అనుమానపు ఆలోచనలను కొలవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రశ్నావళులను తయారుచేశారు. 1992లో ఫెనిగ్‌స్టీన్, వెనబుల్ అనువారు 20 వాక్యాల కొలమానాన్ని ప్రకటించారు. 2008లో గ్రీన్, ఫ్రీమన్ మొదలైనవారు 32 వాక్యాలతో మరొకటి రూపొందించారు. తరువాత అది 18 వాక్యాలకు కుదింపబడినది. అందులో రెండు భాగాలు: ఇతరులు నన్ను గూర్చి మాట్లాడుకొంటున్నారన్న భావన మొదటిది, నాకు హాని తలపెట్టారన్న భావన రెండవది. ఈ పరిశోధనల వల్ల తెలిసిన ముఖ్య విషయమేమంటే, అనుమానపు ఆలోచనలు ఆరోగ్యవంతులలోనూ సాధారణమే, హెచ్చుతగ్గులలోనే భేదం.

అయితే ఏ ప్రశ్నావళీ వ్యాధి నిర్ణయం చేయదు. నిజంగా మోసపోయిన వానికీ మార్కులు హెచ్చుగా రావచ్చు. అనుమానంలో పూర్తిగా మునిగినవాడు తనకు వ్యాధి ఉన్నదని ఒప్పుకొనడు గనుక నిజం వ్రాయకపోవచ్చు. కాబట్టి ఆత్మపరీక్ష తొలిదశలోనే ఎక్కువ ఉపయోగకరం.

చరకుడు మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం అను ఎనిమిదింటి విభ్రమాన్ని ఉన్మాదమన్నాడు. అనగా ఒక్క ఆలోచనను మాత్రమే గాక, మొత్తం నడవడిని పరిశీలించాలి. ఈ క్రింది ప్రశ్నలు ఆ దృష్టితో మేము కూర్చినవి.

ఆత్మపరీక్ష

గడచిన పదిహేను రోజులను తలచుకొని, ఒంటరిగా కూర్చొని, జవాబులు కాగితంపై వ్రాయండి.

1. ఈ ఆలోచన రోజులో ఎక్కువ భాగం నన్ను వదలడం లేదా?
2. కంటితో చూచినదానిని, ఊహించినదానిని విడదీసి వ్రాయలేకపోతున్నానా?
3. జరిగినదానికి మరొక కారణం ఒక్కటైనా తోచడం లేదా?
4. నేను నమ్మే వ్యక్తి “కాదు” అంటే ఆ వ్యక్తినీ అనుమానిస్తున్నానా?
5. నేను అనుమానించేవారి సంఖ్య పెరుగుతున్నదా?
6. నిద్ర, భోజనం, పని, బంధుత్వం చెడినవా?
7. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నవా?
8. వారికంటె ముందు నేనే దెబ్బతీయాలని గాని, బ్రతుకు చాలించాలని గాని తోస్తున్నదా?

దీనికి మార్కులు లేవు. మొదటి ఆరింటిలో దేనికైనా ‘అవును’ అన్న స్థితి రెండు వారాలుగా నిలిచివుంటే వైద్యుని సంప్రదించాలి. ఏడవదానికి ‘అవును’ అయితే ఆలస్యం తగదు. ఎనిమిదవదానికి ‘అవును’ అయితే ఆ దినమే సహాయం పొందాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ, 14416 నంబరుపై, రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

శరీరంలోని కారణాలు

చెవుడు ముదిరిన వృద్ధులు ఇతరుల మాట సరిగా వినబడక, తమను గూర్చే చెప్పుకొంటున్నారని అనుమానించడం కద్దు. నిద్రలేమి, మద్యం, గంజాయి, థైరాయిడ్ దోషం, వార్ధక్యపు మతిమరపు కూడ కారణాలు కావచ్చు. వైద్యుడు వీటిని ముందుగా పరీక్షిస్తాడు.

ఇంటివారు చేయవలసినది

వాదించవద్దు, అవునని వంత పాడవద్దు. భయాన్ని మాత్రం గుర్తించండి. “నాయనా, రాత్రులు నువ్వు నిద్రపోవడం లేదు. ముందు దానికోసం డాక్టరుగారిని చూద్దాం పద” అన్న మాట పనిచేస్తుంది. ఆయనకు తెలియకుండా ప్రశ్నావళిని మీరు పూరించి ముందుంచకండి. మందును అన్నంలో రహస్యంగా కలపడం మరీ పెద్ద పొరపాటు. అది బయటపడిన నాడు ఆయన అనుమానం నిజమే అవుతుంది. వైద్యంపై నమ్మకం సమూలంగా పోతుంది.

వేళకు నిద్ర, వేళకు భోజనం, సాయంకాలపు నడక, తలకు నూనె మర్దన మనస్సుకు హితమే. కాని ఇవి చికిత్సకు తోడు, చికిత్సకు బదులు కావు. అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చడాన్ని ఆయుర్వేదం సత్త్వావజయం అన్నది. “చూచినది – ఊహించినది” అని కాగితాన్ని రెండుగా విభజించి ప్రతిదినం వ్రాయడం దానికి సులభమైన అభ్యాసం.

హెచ్చరిక: సర్పగంధి ఉన్మాదంలో ఉపకరిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించినమాట నిజమే. కాని అది రక్తపోటును బాగా తగ్గించి, కొందరికి దిగులును పెంచగలదు, స్వయంగా వాడరాదు. ఉమ్మెత్త విషం, స్వయంగా మతిభ్రమ కలిగిస్తుంది. వైద్యుడిచ్చిన మాత్రలను ఆయన చెప్పనిదే మానరాదు.

బోరు ఎండినదన్న బాధ నిజమే కావచ్చు. ఆ బాధను కాదనకుండానే, దానిపై పెరిగిన భయానికి చికిత్స చేయించవచ్చు. ఆ రెండింటిని విడదీసి చూడగలగడమే ఆత్మపరీక్ష ఫలం.