ముక్కు, దాని చుట్టునున్న గాలిగదులు

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలో షాలిమార్ అను ప్రాంతము కలదు. తెలుగు ప్రయాణికులకు ఈ పేరు పరిచితమే. విశాఖపట్నము, విజయవాడల మీదుగా చెన్నై పోవు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇచ్చటినుండియే బయలుదేరుచున్నది. కలకత్తా, హౌరా పరిసరముల జనపనార మిల్లులలో తెలుగు శ్రామికులు బహుకాలము పనిచేసిరి. నారపొడి, రోడ్డుధూళి, చలికాలపు పొగమంచు కలిసిన గాలిని పీల్చువారికి ముక్కు దిబ్బడ, పడిశము పరిపాటి. ఏ పడిశము తనంత తగ్గునో, ఏది ప్రమాదమునకు దారితీయునో తెలియవలెనన్న ముక్కు లోపలి నిర్మాణమును తెలిసికొనవలెను.

ముక్కు లోపలి భాగము

వెలుపల కనబడు ముక్కు కొద్దిభాగమే. లోపలి కుహరము అంగిలికి పైన గొంతు వెనుకభాగము వరకు వ్యాపించియున్నది. ఒక నడిమి గోడ దానిని రెండుగా విభజించును. ప్రక్కగోడలనుండి మూడేసి ఎముక మడతలు లోపలికి పొడుచుకొని వచ్చియుండును. వీనిపైనుండి పోవు గాలి వెచ్చబడి, తేమగొని ఊపిరితిత్తులకు చేరును. లోపలి పొరమీది జిగురు ధూళిని, సూక్ష్మజీవులను పట్టుకొనును. కంటికి కనబడని సన్నని రోమములు ఆ జిగురును ఎడతెగక గొంతువైపునకు నెట్టుచుండును. కన్నీటి గొట్టము క్రింది మడత అడుగున తెరచుకొనును. ఏడ్చునపుడు ముక్కు కారుట ఇందువలననే.

గాలిగదులు

ముక్కు చుట్టునున్న ఎముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. వీనినే సైనసులందురు. పైదవడ ఎముకలోనివి అన్నిటికంటె పెద్దవి. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 15 మిల్లీలీటర్ల గాలి పట్టును. నొసటి ఎముకలో ఒక జత, కండ్ల నడుమ తేనెపట్టువంటి చిన్న అరల జత, మెదడు అడుగున మరియొక జత ఉన్నవి.

పైదవడ గది ద్వారము అడుగున లేదు, పైభాగముననున్నది. అంచున తూముగల తొట్టివలె, ఇందలి జిగురు తనంత జారిపోదు. సన్నని రోమములే దానిని పైకి మోయవలెను. పడిశముచే పొర వాచినపుడు ద్వారము మూసికొని, జిగురు నిలిచి, చీము పట్టవచ్చును. అప్పుడు బుగ్గలు బరువెక్కును, ముందుకు వంగిన నొప్పి హెచ్చును. ఈ గది అడుగు పైదంతముల వేళ్లకు చేరువగా నుండుటచే పుచ్చిన పంటినుండియు వ్యాధి ప్రాకవచ్చును.

పలుచని గోడ

కంటికిని తేనెపట్టు అరలకును నడుమనున్న ఎముక కాగితమువలె పలుచనిది. 2021లో కరోనా రెండవ విజృంభణ వేళ బ్లాక్ ఫంగస్ అనేకులకు ముక్కునుండి గాలిగదులకు, అటనుండి కంటికి, మెదడుకు ప్రాకెను. మధుమేహము అదుపులో లేనివారును, స్టెరాయిడ్లు వాడినవారును దీనికి ఎక్కువగా గురియైరి. ఆ యేడు మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ, ఈ వ్యాధి సోకిన ప్రతివారి వివరము ప్రభుత్వమునకు తెలుపునట్లు నిబంధన చేయుమని రాష్ట్రములను కోరెను.

పాటింపవలసినవి

సామాన్య పడిశము వారము పదిదినములలో తగ్గును. అప్పటికిని తగ్గనిచో, లేక తగ్గి మరల హెచ్చినచో వైద్యునికి చూపవలెను. కన్ను వాచినను, చూపు మసకబారినను, వస్తువులు రెండుగా కనబడినను, ముఖము ఒకవైపు తిమ్మిరెక్కినను, ముక్కునుండి నల్లని స్రావము వచ్చినను ఒక్క దినమైనను జాగుచేయక ఆసుపత్రికి పోవలెను. దుమ్ములో పనిచేయువారు ముక్కును, నోటిని కప్పు మాస్కు ధరింపవలెను. ముక్కు కడుగుటకు కాచి చల్లార్చిన ఉప్పునీటినే వాడవలెను. దిబ్బడ తగ్గించు చుక్కలమందును వైద్యుని సలహా లేక దినములతరబడి వాడరాదు. మధుమేహము గలవారు దానిని అదుపులో నుంచుకొనుట ముక్కునకు, కంటికి కూడ రక్ష.