సందేహాలు – సమాధానాలు: కప్లింగ్‌లో ఏ రబ్బరు?

ప్రశ్న: రామప్ప చెరువు కింద మాకు వరి ఉంది. 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్‌నూ పంపునూ నేనే ఇనుప ఛానళ్ల మీద బిగించి కలిపాను. కప్లింగ్ పిన్నులకు పాత టైరు ముక్కలు కోసి తొడుగుతున్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే అరిగిపోతున్నాయి. మన రామప్ప గుడి పునాదిలో ఇసుక పోసినట్టు మధ్యలో మెత్తనిది ఉండాల్సిందేనని తమ్ముడు అంటాడు. ఇనుప బుష్షులు వేస్తే పీడ విరగడవుతుందని మెకానిక్ అంటాడు. ఎవరి మాట వినాలి?
— ఒక రైతు, పాలంపేట

సమాధానం: తమ్ముడి మాటే వినండి, అయితే సగం వరకే. 1213 నాటి గుడి కింద ఇసుక చేయాల్సిన పని ఒక్కటే, కుదుపును తనలో కలుపుకోవడం. కప్లింగ్ రబ్బరుకు రెండు పనులు. కుదుపును మింగాలి, ఇంజన్ బలాన్ని పంపుకు అందించాలి. మరీ మెత్తనిదైతే రెండో పనిలో నలిగిపోతుంది.

మీ ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుందనుకుంటే, షాఫ్టు మీద సగటు మెలి బలం దాదాపు 24 న్యూటన్ మీటర్లు. సగటు చూసి కొంటే మోసపోతాం. ఒకే సిలిండర్ కాబట్టి రెండు చుట్లకొకసారి మంట, అంటే నిమిషానికి 750 దెబ్బలు. ఫ్లైవీలు కొంత ఆపుతుంది, మిగిలింది రబ్బరు మీదే పడుతుంది. అందుకే 70 న్యూటన్ మీటర్లకు తక్కువ కాని కప్లింగ్ అడగండి. దుకాణంవాళ్లు 'లవ్‌జాయ్' అనే దంతాల రకం, నక్షత్రంలాంటి రబ్బరుతో వచ్చేది, మీకు సరిపోతుంది.

కొనేముందు పాత ముక్కలు బయటకు తీసి చూడండి. కప్లింగ్ కింద నల్లటి పొడి రాలి ఉంటే షాఫ్టులు ఒక లైనులో లేవని అర్థం. ముక్క ఉబ్బి, గోరు దిగేంత మెత్తబడి ఉంటే డీజిల్ తాగింది. టైరు రబ్బరుకు నూనె పడదు, ఫిల్టర్ దగ్గర చుక్కచుక్కగా కారినా చాలు, పాడవుతుంది. ఒకవైపే పగుళ్లుంటే బరువు ఎక్కువైనట్టు.

ఇంజన్ దగ్గర వాడేందుకు నా ఓటు నైట్రైల్ రబ్బరుకే. నూనెను తట్టుకుంటుంది, దాదాపు 100 డిగ్రీల వేడి వరకు నిలుస్తుంది, కుదుపును బాగా మింగుతుంది. పాలీయురేథేన్ నక్షత్రం అంతే సైజులో ఒకటిన్నర రెట్లు బలం మోస్తుంది. కానీ 70 డిగ్రీలు దాటితే దానికి కష్టం, వేడీ తడీ కలిస్తే లోపలి నుంచే చివికిపోతుంది. మడికట్టు పక్కన రోజంతా నడిచే ఇంజన్‌కు దాన్ని నేను చెప్పను.

అయితే లైను సరిచేయకుండా ఏ రబ్బరు వేసినా డబ్బు దండగే. రెండు హబ్బుల మీద స్టీలు స్కేలు ఆనించి పైన, కింద, రెండు పక్కలా చూడండి. ఎక్కడా అర మిల్లీమీటరు సందు కూడా ఉండకూడదు. ఉంటే ఇంజన్ కాళ్ల కింద రేకు షిమ్ములు పెట్టండి. చాలామంది మరిచేది పైపుల సంగతి. ఫుట్‌వాల్వు పైపు బరువంతా పంపుకు వేలాడుతుంటే, నీళ్లు నిండగానే పంపు ఒరుగుతుంది. పొద్దున పెట్టిన లైను మధ్యాహ్నానికి ఉండదు. పైపుకు విడిగా ఊతం కట్టి, నీళ్లు నిండాక మళ్లీ చూడండి.

ఇనుప బుష్షుల మాట మరిచిపోండి. అరగాల్సింది చవకైన రబ్బరు. దాని బదులు క్రాంక్ బేరింగు, పంపు సీలు అరిగితే ఖర్చు ఏపాటిదో మీకే తెలుసు. దంతాల కప్లింగ్‌కు కంచు నక్షత్రం కూడా దొరుకుతుంది, కానీ అది నిమిషానికి 250 చుట్లు దాటని నెమ్మది పనులకే.

ప్రశ్న: పాత ఇంజన్‌తో చిన్న దున్నే బండి తయారు చేస్తున్నాం. కన్వేయర్ బెల్టును గుండ్రంగా కోసి కప్లింగ్ చేయవచ్చా?
— ఐటీఐ విద్యార్థులు, ములుగు

సమాధానం: చేయవచ్చు. లోపల గుడ్డ పొరలున్న బెల్టే తీసుకోండి, ఒట్టి రబ్బరు షీటు బోల్టు కన్నాల దగ్గర చీలిపోతుంది. ఆరు కన్నాలు సమదూరంలో వేసి, ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు ఇంజన్ వైపు ఫ్లాంజికి, మూడు గేర్‌బాక్సు వైపు ఫ్లాంజికి బిగించండి. కొన్ని కార్ల షాఫ్టుల్లో ఉండే రబ్బరు డిస్కు పద్ధతి ఇదే. వాషర్లు వెడల్పుగా ఉండాలి, లేకుంటే గుడ్డ దారాలు తెగుతాయి. కన్నాలు మేకుతో పొడవకండి, పంచితో కొట్టండి. గేర్‌బాక్సు ఇన్‌పుట్ వైపే పెట్టండి. గేరు దాటాక వేగం తగ్గి మెలి బలం అన్ని రెట్లు పెరుగుతుంది, అక్కడ బెల్టు ఆగదు.

పైన మూత లేకుండా మాత్రం స్టార్టు చేయకండి. ఇనుప జాలీ అయినా చాలు. తిరిగే బోల్టు తలకు తువ్వాలు కొస తగిలితే లాక్కునే టైము కూడా ఉండదు.

ప్రశ్న: స్పేర్ రబ్బరు ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?
— మరో పాఠకుడు, వెంకటాపూర్

సమాధానం: ఎండ, నూనె తగలని చీకటి చోట కొన్నేళ్లు ఉంటుంది. మోటరు షెడ్డు కిటికీలో పెడితే మాత్రం ఒక్క ఎండాకాలానికే బిరుసెక్కుతుంది. వంచి చూడండి, మడత దగ్గర సన్నటి గీతలు కనిపిస్తే వేయకండి.