చేపలు చచ్చాయా? ముందు చేతులు కట్టుకోండి!

పొద్దున లేచి చూస్తే ట్యాంకులో నాలుగు చేపలు తేలి ఉన్నాయి. మొక్కలేమో పచ్చగా కళకళలాడుతున్నాయి. అప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది ట్యాంకంతా ఖాళీ చేస్తారు. ఇసుక కడుగుతారు. ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా పిండుతారు. సాయంత్రానికి మిగిలిన చేపలూ పోతాయి.

మొదటి నాలుగింటి సంగతి తర్వాత చూద్దాం. మిగతావాటిని చంపింది మాత్రం మీ కంగారే. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం ఉండేది ఆ స్పాంజిలోనే. కొత్త ట్యాంకులో అది కుదురుకోవాలంటే 4 నుంచి 6 వారాలు పడుతుంది. క్లోరిన్ నీళ్లు పోసి మీరే దాన్ని చంపేశారు. ఇకపై స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

కంగారు ఒక అలవాటు. అలవాటు కాబట్టి మార్చుకోవచ్చు. మీరు మార్చుకుంటారు కూడా! ఈసారి ఇంతే చేయండి:

- చచ్చిన చేపల్ని తీసేయండి.
- ఎయిర్ పంప్ ఆన్ చేయండి, మేత ఆపండి.
- క్లోరిన్ తీసిన నీళ్లతో పావు వంతు మార్చండి.

తర్వాత నోట్‌బుక్ తీయండి. ఒకే ప్రశ్న: గత 48 గంటల్లో ఏం మారింది?

సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారా? రాత్రి కరెంటు పోయిందా? హాల్లో దోమల స్ప్రే కొట్టారా? ఈ చివరిది ఎవరికీ తట్టదు. ఆ స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు కాలకూట విషం. ఎయిర్ పంప్ మీ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుందని మర్చిపోకండి.

అన్నీ ఒకే రాత్రి పోయాయంటే అనుమానం విషం మీద, లేదా ఆక్సిజన్ మీద. "ఇన్ని మొక్కలున్నాయి కదండీ, ఆక్సిజన్‌కేం తక్కువ?" అంటారు. లైటు ఉన్నంతసేపే అవి ఇచ్చేది. చీకటి పడితే అవీ పీల్చుకుంటాయి. పైగా మొక్కల కోసం పెట్టిన సీఓ2 సిలిండర్ రాత్రంతా తెరిచి ఉంటే, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. లైటు ఆపడానికి గంట ముందే సీఓ2 కట్టేయండి. కరెంటు పోయే రాత్రుల కోసం బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండాలి, అంతే.

రోజుకొకటి చొప్పున పోతున్నాయా? టెస్ట్ కిట్ తీయండి. అమ్మోనియా 0, నైట్రైట్ 0 ఉండాలి. "కొంచెమే ఉందిలే" అనొద్దు. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఆ కొంచెమే చాలు. బోరు నీళ్లకు గిన్నెల్లో తెల్ల పొర కడుతుంటే నియాన్ టెట్రాల మీద మోజు వదులుకోండి. గప్పీలు, మోలీలు పెంచండి. హాయిగా బతుకుతాయి. బోరు నీళ్లను తోడిన వెంటనే పోయకండి. బకెట్లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రాత్రి ఉంచండి.

పలమనేరు వాళ్లకు ఇంకో మాట. చెన్నై కొళత్తూరులో కొన్న చేపలు మొగిలి ఘాట్ ఎక్కి ఇక్కడికొచ్చేసరికి కవర్లో అమ్మోనియా పేరుకుంటుంది. లోపలి సీఓ2 వల్ల పీహెచ్ తగ్గి, అది అణిగి ఉంటుంది. కవరు విప్పగానే సీఓ2 బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకే కవరు విప్పకుండానే 20 నిమిషాలు నీళ్లపై తేలనివ్వండి. విప్పాక ఆలస్యం చేయకుండా చేపల్ని మాత్రమే వలతో వదలండి, కవర్లోని నీళ్లు పారబోయండి. అక్కడి ఉక్క వేరు, ఇక్కడి చలి వేరు. చలికాలంలో హీటర్ 25 డిగ్రీల దగ్గర పెట్టండి.

వదలడం కూడా పెద్ద ట్యాంకులోకి కాదు. రెండు వారాలు విడిగా ఉంచండి. "జాగా లేదండీ" అనకండి. మూతున్న ప్లాస్టిక్ టబ్బు, చిన్న స్పాంజ్ ఫిల్టర్ చాలు. ఆ స్పాంజిని ఇప్పట్నుంచే పాత ట్యాంకులో వేసి ఉంచండి. చేపలొచ్చే రోజుకి బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది.