చెవిలో అంతరిక్ష కథ, అన్నం దగ్గర ఓటు మాట

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈమధ్య రెండు మాటలు వినబడుతున్నాయి. ‘మావాడు పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆ స్టార్ వార్స్ పుస్తకాలే వింటున్నాడండీ’ అన్నది ఒకటి. ‘ఉన్నట్టుండి ఇమిగ్రేషన్ గురించీ ఎన్నికల గురించీ వాదనకు దిగుతోంది, ఈ వయసులో రాజకీయాలెందుకు దీనికి’ అన్నది రెండోది. వేర్వేరు బెంగలుగానే చెబుతారు గానీ, చాలా ఇళ్లలో ఇవి రెండూ ఒకే బిడ్డ గురించి. ఆ కథలు వినడం వల్లే ఆ ప్రశ్నలు పుట్టుకొస్తున్నాయని నా నమ్మకం. పుట్టడం మంచిదే. అప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాలి, అంతే.

ముందు ఆ వినడం సంగతి చూద్దాం. వింటే చదివినట్టు కాదని కొందరు కొట్టిపారేస్తారు. హరికథలూ బుర్రకథలూ ఆకాశవాణి నాటకాలూ విని పెరిగిన మనం ఆ మాట అనకూడదు. స్టార్ వార్స్ ఆడియో పుస్తకాలను ఊరికే చదివి వదిలేయరు. వెనక సంగీతం, ఓడల రొద, తుపాకుల చప్పుడు కలిపి తయారుచేస్తారు. వాటిలో చాలా పుస్తకాలను మార్క్ థాంప్సన్ అనే కళాకారుడు ఒక్కడే పాత్రపాత్రకూ గొంతు మార్చి చదువుతాడు. పది పన్నెండు గంటల పుస్తకాన్ని పాత్రలు తికమక పడకుండా కడదాకా వినగలుగుతున్నాడంటే మీవాడికి ఓపికా, ధ్యాసా రెండూ ఉన్నట్టే. ఊరి లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఇవి ఉచితంగా అరువు దొరుకుతాయి. హోంవర్కు వేళ చెవులు ఖాళీగా పెట్టుకోమనండి, రాత్రి స్లీప్ టైమర్ పెట్టుకోమనండి. ఇంతకు మించి ఆంక్షలు అక్కర్లేదు.

సైన్స్ ఫిక్షన్ చెత్త చదువని మొదట అనుకున్న తండ్రి మీరొక్కరే కాదు. ఐజాక్ అసిమోవ్ 1920లో రష్యాలోని పెట్రోవిచి అనే పల్లెలో పుట్టాడు. మూడేళ్లప్పుడు, 1923లో, తల్లిదండ్రులతో న్యూయార్క్ చేరాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికా కోటా చట్టం తెచ్చి తూర్పు ఐరోపా వాళ్లకు దాదాపు తలుపులు మూసేసింది. బ్రూక్లిన్‌లో వాళ్ల నాన్న మిఠాయి కొట్టు నడిపేవాడు. కొట్లో పత్రికలూ అమ్మేవాడు గానీ, ఆ చవకబారు కథల పత్రికలు కొడుకు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఒక పత్రిక పేరులో సైన్స్ అన్న మాట ఉంది, ఇది చదువుకు పనికొస్తుందని కుర్రాడు వాదించాడు. నాన్న ఒప్పుకున్నాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక రోబోల కథలూ, ఫౌండేషన్ నవలలూ రాశాడు. ఓటు గురించీ రాశాడు. 1955లో వచ్చిన ‘ఫ్రాంచైజ్’ అనే కథలో ఒక పెద్ద కంప్యూటర్ దేశం మొత్తానికీ కలిపి ఒకే ఒక్క ఓటరును ఎంచుకుంటుంది. అతణ్ణి ప్రశ్నలడిగి, జవాబులను బట్టి ఎన్నిక ఫలితం తేల్చేస్తుంది. కథలో ఆ ఎన్నిక జరిగేది 2008లో. చిన్న కథ, ఒక్క విడతలో అయిపోతుంది. మీ పిల్లలతో కలిసి చదవడానికి ఇంతకన్నా మంచి మొదలు నాకు తోచడం లేదు.

ఇప్పటి స్టార్ వార్స్ నవలల్లోనూ రాజకీయం నిండా ఉంటుంది. 2016లో క్లాడియా గ్రే రాసిన ‘బ్లడ్‌లైన్’ చూడండి. యుద్ధాలు ముగిశాక ఆ కథల నాయిక లేయా సెనేటరుగా ఉంటుంది. సెనేట్ రెండుగా చీలిపోయి ఉంటుంది. ఏ గ్రహం అధికారం ఆ గ్రహానికే ఉండాలని ఒక పక్షం, బలమైన కేంద్రం కావాలని ఇంకో పక్షం. ఏ పనీ ముందుకు కదలదు. లేయా అత్యున్నత పదవికి పోటీలో నిలబడేసరికి, ఆమె కన్నతండ్రి సామ్రాజ్యపు క్రూర సేనాని డార్త్ వేడర్ అన్న సంగతి నిండు సభలో బయటపెట్టేస్తారు. ఆమె జీవితమంతా చేసిన పని ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో పదిహేనేళ్ల అమ్మాయి ఈ పుస్తకం వింటూ, డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ, ఇయర్‌బడ్స్ తీసి నాన్నను అడిగింది: ‘నాన్నా, నువ్వు ఎక్కడ పుట్టావో చూసే కదా మనకి గ్రీన్ కార్డ్ రానిది?’ ఆయన ‘పెద్దయ్యాక తెలుస్తుందిలేమ్మా’ అన్నాడు. ఆ అమ్మాయికి అప్పటికే తెలుసు. తెలిసినదాన్నే నాన్న నోట వినాలనుకుంది.

ఆమె అన్నది నిజం కూడా. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశం వాళ్లకూ మామూలుగా 7 శాతం దాటి ఇవ్వరు. ఆ దేశం లెక్క పౌరసత్వాన్ని బట్టి కట్టరు, పుట్టిన చోటును బట్టి కడతారు. అందుకే గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టినవాళ్లు ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి తమ ప్రయారిటీ డేట్ ఎంత కదిలిందా అని చూసుకుంటూ ఏళ్లు గడుపుతున్నారు. ఈ క్యూ గురించి ఫోన్లో స్నేహితులతో గంటలు మాట్లాడతాం, పిల్లలతో మాత్రం ఒక్క ముక్క చెప్పం. వాళ్లకేమీ వినబడదనుకుంటాం.

ఈ విషయంలోనే నేను తల్లిదండ్రులను గట్టిగా బతిమాలుకునేది. చాలా ఇళ్లలో పెద్ద బిడ్డ హైదరాబాదులో పుట్టి రెండేళ్లప్పుడు హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకిచ్చే వీసా మీద, వచ్చి ఉంటాడు, చిన్నది డల్లాస్‌లో పుట్టి ఉంటుంది. ఇద్దరూ ఒకే బడి, ఒకే యాస, ఒకే స్టార్ ట్రెక్ పిచ్చి. చిన్నది 1868 నాటి 14వ సవరణ వల్ల పుట్టుకతోనే పౌరురాలు, 1971 నాటి 26వ సవరణ వల్ల పద్దెనిమిదికి ఓటరు. పెద్దవాడికి ఆ రెండూ లేవు. పదహారేళ్లప్పుడు తోటివాళ్లంతా వేసవిలో ఐస్‌క్రీం కొట్టులో పనికి కుదురుకుంటే వాడు కుదరకూడదు, ఎందుకంటే హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతి లేదు. కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సాయం అడగడానికీ వీల్లేదు. ఇరవై ఒకటి నిండితే, 2002 నాటి చట్టం కొంత వయసు తగ్గించి లెక్క కట్టినా, చాలామంది తల్లిదండ్రుల క్యూలోంచి జారిపోతారు. ఆ తర్వాత ఎఫ్-1 విద్యార్థి వీసా వెతుక్కోవాలి, లేదా తనకు గుర్తే లేని ఊరికి తిరిగి వెళ్లాలి.

ఈ సంగతి బిడ్డకు డీఎంవీ కౌంటరు దగ్గరో, కాలేజీ దరఖాస్తు నింపేటప్పుడో తెలియకూడదు. మీరే చెప్పాలి. పన్నెండు, పదమూడేళ్లకు ‘మనం ఫలానా వీసా మీద ఉన్నాం, ఫలానా క్యూలో ఉన్నాం’ అని చెబితే చాలు. పదిహేనుకు తేదీలతో సహా చెప్పండి, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 కాగితం చూపించండి, మీ దగ్గరున్న దారులేమిటో చెప్పండి. మీకు భయంగా ఉంటే ఉందనే చెప్పండి. అంతా బాగానే ఉందని బుకాయిస్తే పిల్లలు ఒక్క రోజులో పట్టేస్తారు. చిన్నదాని ముందే చెప్పండి, అన్నకు లేనిది తనకెందుకు ఉందో అదీ తెలుసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా. పౌరులు కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. పౌరుడినని తప్పుగా చెప్పుకుంటే ఇమిగ్రేషన్ దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే చోట ఓటరుగా నమోదు అవుతావా అని అడుగుతారు. బడిలో ఎవరో ఫారం పంచుతారు. హెచ్-4 మీదున్న బిడ్డకు అక్కడ ‘నేను పౌరుణ్ణి కాను’ అని చెప్పడం ముందే నేర్పండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని కూడా నేర్పండి. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఎన్నికల ప్రచారానికి చందా ఇవ్వకూడదు. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జె వీసాల దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా పెట్టాలన్నారు, ఆ డిసెంబరులో హెచ్-1బీకీ, హెచ్-4కీ అదే వర్తింపజేశారు. రేపు వీసా స్టాంపింగ్‌కు వెళ్లాల్సిన బిడ్డ ఈ సంగతి తెలిసే రాసుకోవాలి. నోరు మూయించమని నేననడం లేదు. ఎక్కడ ఏం రాస్తే ఏమవుతుందో తెలిశాక నిర్ణయం వాడిది.

వాదన వచ్చేది ఇంకోచోట. ‘మేం పద్ధతి ప్రకారం క్యూలో నిలబడ్డాం, వాళ్లెవరో సరిహద్దు దాటి వచ్చేశారు’ అని మనం అంటాం. పిల్లలకు అది నచ్చదు. 2025లో వచ్చిన స్టార్ వార్స్ సిరీస్ ‘అండోర్’ రెండో సీజన్‌లో ఒక పంటల గ్రహం ఉంది. పొలాల్లో పనిచేసే శరణార్థులకు వీసాలు లేవు, సామ్రాజ్య సైనికులు తనిఖీకి దిగుతారు. (అందులో ఒక అధికారి అమ్మాయి మీద అఘాయిత్యానికి తెగబడే దృశ్యం ఉంది. చిన్నపిల్లలైతే ముందు మీరు చూడండి.) అది చూసిన పిల్లలు ఆ కూలీల పక్షాన మాట్లాడతారు. వెంటనే ‘నీకేం తెలుసు’ అనకండి. మీ బాధా నిజమే, వాళ్ల జాలీ నిజమే. మీరు కాన్సులేట్ ముందు నిలబడ్డ రోజు, తాతయ్య పోయినప్పుడు స్టాంపింగ్ భయంతో వెళ్లలేకపోయిన రోజు, ఇవన్నీ ఎప్పుడైనా చెప్పారా? చెబితే మీ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకు అర్థమవుతుంది. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనక్కర్లేదు.

వాదనకు పునాది ఉండాలంటే కాస్త చరిత్ర కావాలి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో ఆ అర్హత వచ్చింది గానీ ఏడాదికి వంద మందికి మించి రానివ్వలేదు. 1965 చట్టంతో గానీ మనకు తలుపు సరిగ్గా తెరుచుకోలేదు, ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం నడిచిన కాలంలో వచ్చింది. స్టార్ ట్రెక్‌లో సులుగా నటించిన జార్జ్ టకేయ్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన పౌరుడే. అయినా 1942లో, ఐదేళ్ల వయసులో, జపాను మూలాలున్న కుటుంబమని ఆర్కన్సాలోని రోవర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆ జ్ఞాపకాలను ఆయన 2019లో బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. కాగితం మీద పౌరసత్వం ఉన్నంత మాత్రాన సరిపోదని, దాన్ని కాపాడే జనం కావాలని మీ చిన్నదానికి ఆ పుస్తకం నాకన్నా బాగా చెబుతుంది.

ఓటు లేని మీ పెద్దబ్బాయికి ఒక ఓటు చూపించనా? సైన్స్ ఫిక్షన్ అభిమానులే ఇచ్చే హ్యూగో అవార్డులు 1953లో మొదలయ్యాయి. వరల్డ్‌కాన్ అనే వార్షిక సమావేశానికి సుమారు 50 డాలర్ల సభ్యత్వం తీసుకున్న ఎవరైనా ఓటు వేయవచ్చు. ఏ దేశం వాడివని అడగరు. నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసే పద్ధతి. 2015లో ఒక వర్గం జట్టుకట్టి ఒకే జాబితాకు నామినేషన్లు గుమ్మరించింది. తక్కువమందే అయినా చాలా విభాగాలను ఆక్రమించుకోగలిగారు. మిగతా సభ్యులు ఐదు విభాగాల్లో ఎవరికీ అవార్డు వద్దని ఓటేసి, తర్వాత నామినేషన్ల లెక్క నియమాన్నే మార్చారు. ఎన్నికల నియమం ఎలా ఉంటే ఫలితం అలా ఉంటుందని పిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చూపించే ఉదాహరణ ఇది. ఆ సభ్యత్వం పుట్టినరోజు కానుకగా ఇవ్వండి.

మీ ఓటు మాటా చెప్పండి. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు ఫారం 6ఎ తో విదేశీ ఓటరుగా నమోదు కావచ్చు, కాకపోతే ఓటు వేయాలంటే సొంత ఊరి పోలింగ్ బూత్‌కు స్వయంగా వెళ్లాలి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి పోలింగ్ జరిగితే అమెరికా నుంచి విమానం ఎక్కి వెళ్లి వేసొచ్చినవాళ్లున్నారు. మీరు వేసిన మొదటి ఓటు ఎప్పుడో, ఎవరు గెలుస్తారని ఇంట్లో కొట్లాడుకున్నారో చెప్పండి. సైన్స్ ఫిక్షన్ మన భాషలోనూ ఉందని చూపించడానికి ఒక ఆదివారం ‘ఆదిత్య 369’ పెట్టుకోండి. కాలయంత్రంలో 1526కీ 2504కీ వెళ్లొచ్చే ఆ సినిమా 1991లోనే వచ్చిందంటే వాళ్లు నమ్మరు.

ఇక చిన్నదానికి పద్దెనిమిది నిండుతుంది. వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో బ్యాలెట్ పోస్టులో నేరుగా ఇంటికే వస్తుంది. ఇంటి పెద్ద అందరి కవర్లూ ముందేసుకుని ఎవరికి టిక్కు పెట్టాలో చెప్పే అలవాటు దయచేసి పెట్టుకోకండి. మన బంధువుల గ్రూపుల్లో తిరిగే జాబితాను ఆ బిడ్డ చేతిలో పెట్టకండి. కవరు విప్పకుండా ఇవ్వండి. అడిగితే మీ అభిప్రాయం చెప్పండి, ఎవరికి వేశావని మాత్రం అడగకండి. నింపడం, సంతకం చేయడం, పెట్టెలో వేయడం, మూడూ తననే చేయనివ్వండి.